కొల్లాజెన్ పొడి తాగితే విరిగిన ఎముక అతుక్కుంటుందా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. అమ్మకు 58 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. రెండు నెలల కిందట వాకిట్లో జారిపడి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. కట్టు విప్పారు గానీ ఎక్స్‌రేలో ఇంకా పూర్తిగా అతకలేదన్నారు. ఎముక సాంద్రత రిపోర్టు మరీ చెడ్డగా లేదట. మరి చిన్న జారుడుకే ఎందుకు విరిగింది? కొల్లాజెన్ పొడి తాగితే ఎముక కట్టే కణాలు పెరుగుతాయని వదిన అంటోంది. కొనమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: డబ్బా కొనే ముందు ఒకటి చేసి చూడండమ్మా. కోడికూర తిన్నాక మిగిలిన కాలి ఎముకను వెనిగర్‌లో నాలుగైదు రోజులు నానబెట్టండి. తీసి వంచితే రబ్బరులా వంగుతుంది. కాల్షియం ఉప్పు కరిగిపోగా మిగిలిన ఆ మెత్తటి పోగే కొల్లాజెన్. అదే ఎముక పొయ్యిలో పడి కాలితే ఆకారం ఉంటుంది గానీ వేళ్లతో నలిపితే పొడి అవుతుంది, పోగు కాలిపోయింది కాబట్టి. కాల్షియం గట్టిదనం ఇస్తే, విరగకుండా ఓర్చుకునే గుణం ఈ పోగుది.

దీనికి ఇంకో పని కూడా ఉంది. మజ్జలోని మూలకణం కొవ్వు కణమూ కావచ్చు, ఎముక కట్టే ఆస్టియోబ్లాస్టూ కావచ్చు. కణం ఒంటి మీద ఇంటెగ్రిన్లనే కొక్కేలు ఉంటాయి. అవి కొల్లాజెన్ పోగును పట్టుకోగానే లోపలికి కబురు వెళ్లి, రంక్స్-2 అనే ప్రొటీన్ పని మొదలుపెడుతుంది. అక్కణ్నుంచి ఆ కణం ఎముక దారి పడుతుంది. అడుగున ఉన్నది ఎంత గట్టిగా ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది. ఒకే రకం మూలకణాలు మెత్తటి జెల్ మీద నరాల కణాల్లా, గట్టి జెల్ మీద ఎముక కణాల్లా మారడాన్ని అమెరికా పరిశోధకులు 2006లో చూపించారు. కొల్లాజెన్ పోగును నేసేదీ ఎముక కట్టే ఈ కణాలే. తాము నేసిన దాని మీదే తాము ముదురుతాయి. విటమిన్ సి లేకపోతే నేత సరిగా కుదరదు, ల్యాబ్‌లో పెంచే కణాలు కూడా ముదరకుండా ఆగిపోతాయి.

ఇక అమ్మగారి సంగతి. ఏళ్ల తరబడి రక్తంలో షుగర్ ఎక్కువుంటే అది కొల్లాజెన్‌కు అంటుకుని పోగుల మధ్య లేనిపోని ముడులు వేస్తుంది. పోగు పెళుసెక్కుతుంది, కణాల కొక్కేలకూ సరిగా చిక్కదు, కొత్త ఎముక పుట్టడం మందగిస్తుంది. సాంద్రత యంత్రం లెక్కపెట్టేది ఖనిజాన్నే, పోగు పాడైన సంగతి దానికి తెలియదు. రిపోర్టు బాగున్నా ఎముక విరగడానికి ఇదొక కారణం.

మీ ప్రాంతం కాబట్టి ఇంకోటి అడగాలి: తాగేది బోరు నీళ్లా? పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఫ్లోరైడ్ కొత్త కాదు. ఆ ప్రాంతమంతా నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, ఈ సంగతి వైద్య పత్రికకెక్కింది. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపిస్తూనే లోపల పెళుసుగా ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు వంటకూ వాడొద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

పొడి విషయానికొస్తే, అది కడుపులో ముక్కలై అరిగిపోతుంది. మింగిన కొల్లాజెన్ నేరుగా మణికట్టుకు చేరదు. సాంద్రత కాస్త పెరిగిందన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి గానీ, విరిగిన ఎముక కోసం రాసిచ్చేంత బలం వాటికి లేదు. నేనైతే రాయను. ఆ డబ్బుతో గుడ్లు, చేపలు, పప్పు, జామకాయలు కొనండి. ఉసిరికాయ పచ్చిది తినాలి, వేడికి విటమిన్ సి కొంత పోతుంది. కిడ్నీ ఇబ్బంది ఉంటే మాత్రం మాంసకృత్తులు ఎంత తినాలో మీ డాక్టర్‌ను అడగండి.

ఎక్స్‌రే చూసి బెంగపడకండి. కొత్తగా నేసిన పోగులోకి కాల్షియం చేరేదాకా అది ఫిల్మ్ మీద కనిపించదు. కానీ నొప్పి పెరుగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా ఆగకుండా ఎముకల డాక్టర్‌కు చూపించండి. వెళ్లేటప్పుడు మూడు నెలల సగటు షుగర్ పరీక్ష, విటమిన్ డి రిపోర్టు, నీటి పరీక్ష కాగితం వెంట తీసుకెళ్లండి.