సుగ్గికి పోయిన అమ్మ మాట ఊళ్లో వినబడాలంటే

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కోసిగి దగ్గర పల్లె. సంక్రాంతి దాటిందంటే సగం ఊరు మిరపకాయల కోతకని గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలికి వలస పోతుంది. మా అమ్మ, చిన్నాన్న వాళ్లూ పోతారు. నేను డిగ్రీ చదువుకుంటూ అవ్వ దగ్గర ఉంటాను. వాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో, కిలోకు ఎంత ఇస్తున్నారో, ఎవరికి ఒంట్లో బాగాలేదో ఏదీ సరిగ్గా తెలీక టెన్షన్‌గా ఉంటుంది. అమ్మకు చదువు రాదు, చేతిలో ఉన్నది బటన్ల ఫోను. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వచ్చి, మనం మాట్లాడింది రికార్డు చేసి అందరికీ వినిపించే నంబర్లు ఉంటాయని కాలేజీలో మేడం చెప్పారు. వాట్సాప్ గ్రూపు ఉండగా అదెందుకు అని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజంగా పనికొస్తుందా?
– ఒక చెల్లెలు, కోసిగి మండలం

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం చదువుతుంటే మా అమ్మ ఫోను కళ్ల ముందు మెదిలింది. దాని మీద అంకెలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి. అయినా అమ్మ తప్పు నొక్కదు. ఐదో నంబరు బటన్ మీద చిన్న బొడిపె ఉంటుంది, ఎప్పుడైనా తడిమి చూశావా? దాని మీద బొటనవేలు ఆనించి, పైకి ఒకటి, పక్కకు ఒకటి అని లెక్కపెట్టుకుంటుంది. అదే అమ్మ చేతిలో తమ్ముడు స్మార్ట్‌ఫోన్ పెడితే, ఎక్కడ తాకితే ఏమవుతుందోనని వెంటనే తిరిగి ఇచ్చేసింది.

మీ ఫ్రెండ్స్‌కు ఇదే నా జవాబు. వాట్సాప్ గ్రూపు పెడితే అందులో ఉండేది మీ చిన్నాన్న, ఆయన కొడుకులు. ఇంట్లో ఒక్క స్మార్ట్‌ఫోన్ ఉంటే అది మగవాళ్ల జేబులోనే ఉంటుంది. మీ అమ్మ సంగతి ఇంకెవరో చెబితే నువ్వు వినాలి. నంబరుకైతే తనే ఫోన్ చేసి తన గొంతుతో చెప్పుకుంటుంది.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో సీజీనెట్ స్వర అని ఒకటి మొదలైంది. శుభ్రాంశు చౌదరి అనే పాత్రికేయుడు పెట్టారు. అడవి పల్లెల్లో గోండి మాట్లాడేవాళ్లకు అప్పట్లో ఆ భాషలో పేపరు లేదు, వార్తలు చెప్పే రేడియో లేదు. సొంతంగా వార్తలు చెప్పడానికి మన దేశంలో కమ్యూనిటీ రేడియోకు, అంటే ఊరివాళ్ల కోసం నడిచే చిన్న రేడియోకు కూడా అనుమతి లేదు. అందుకని ఫోన్‌ను పట్టుకున్నారు. ఒకటి నొక్కితే రికార్డు చేయొచ్చు, రెండు నొక్కితే ఇతరులు చెప్పింది వినొచ్చు. వచ్చిన ప్రతి మాటనూ ముందు ఒక మనిషి విని, నిజమో కాదో కనుక్కుని, ఆ తర్వాతే అందరికీ వదులుతారు. బోరు పాడైందనీ, పని చేసినా కూలి రాలేదనీ జనం చెప్పుకుంటారు. అది విన్నవాళ్లు సంబంధిత అధికారికి ఫోన్ చేసి అడుగుతారు.

గుజరాత్‌లో రైతుల కోసం ఇలాంటి ఫోను నంబరే 'అవాజ్ ఓటలో' అని పెట్టారు. ఓటలో అంటే ఇంటి ముందు అరుగు. పేరు వినగానే మన రచ్చకట్ట గుర్తొచ్చింది నాకు. మొదట 51 మంది చిన్న రైతులతో ఏడు నెలలు నడిపి చూశారు. తర్వాత జరిగిన ఇంకో పరిశీలన నాకు ఇంకా నచ్చింది. ఎవరి సలహా కావాలని అడిగితే రైతులు శాస్త్రవేత్తదే కావాలన్నారు. తీరా సలహాలు పంపి చూస్తే, తోటి రైతు గొంతుతో వచ్చిన సలహా విన్నాకే ఎక్కువ మంది ఇంకా తెలుసుకోవడానికి తిరిగి ఫోన్ చేశారు. మన మాదిరి మనిషి, మన యాసలో చెబితే చెవికి ఎక్కుతుంది.

ఇక అసలు సంగతి. నంబరు తీసుకోవడం సులభమే. నెలకు అద్దె, మాట్లాడిన నిమిషాలకు ఛార్జీ కట్టాలి. తిరిగి ఫోన్ చేసేది మీరే కాబట్టి మీ అమ్మకు పైసా ఖర్చుండదు, ఆ భారమంతా నడిపేవాళ్లదే. డబ్బు ఎవరిస్తారో ముందే తేల్చుకో. అంతకన్నా ముఖ్యం, రోజూ కూర్చుని వినే మనిషి కావాలి. మా పక్క మండలంలో ఒక సంస్థ ఇలాంటి నంబరే పెట్టింది. ఒకామె తమ వీధి చేతిబోరు గురించి మూడుసార్లు రికార్డు చేసింది. చూస్తామనో, కుదరదనో ఒక్క మాట కూడా తిరిగి రాలేదు. "గోడకు చెప్పుకున్నట్లుంది" అంది నాతో. నెల తిరిగేసరికి ఆ నంబరుకు ఫోన్ చేసేవాళ్లే లేరు. నాకది ఇప్పటికీ బాధగానే ఉంది. ఎందుకంటే ఆ సంస్థవాళ్లను నమ్మి ఫోన్ చేయమని ఆమెకు చెప్పింది నేనే.

కాబట్టి ఈ ఒక్క సీజనుకు, మీ ఊరి గుంపులకు మాత్రమే మొదలుపెట్టు. పని ముగించుకుని గుడారాలకు చేరి, వంట చేసుకునే వేళకు, ఎనిమిదింటికి ఫోన్ వెళ్లేలా చూడు. మాట్లాడేవాళ్లను మొదటే ఆ రోజు ఏ తేదీయో, తామున్నది ఏ ఊరో చెప్పమను. 'ఇక్కడ పని ఉంది' అన్న మాట నాలుగు రోజుల తర్వాత వింటే, చార్జీలు పెట్టుకుని వెళ్లి ఉత్త చేతులతో రావాలి. ఉన్న రేషన్ కార్డుతోనే అక్కడి డిపోలో బియ్యం తీసుకోవచ్చని నీ గొంతుతోనే చెప్పు. పెద్దవాళ్లు సుగ్గికి పోయినప్పుడు పిల్లలు ఉండే సీజనల్ హాస్టల్ ఊళ్లో తెరిచారో లేదో కనుక్కుని, అదీ చెప్పు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండు. మేస్త్రీ కూలి ఎగ్గొట్టాడనో, రాత్రిపూట గుడారాల దగ్గర ఎవరో ఇబ్బంది పెడుతున్నారనో ఒకామె చెప్పిందనుకో. పేరు తీసేస్తే చాలనుకోవద్దు. ఊళ్లో ఎవరి గొంతు ఎవరిదో పసిపిల్లలు కూడా చెప్పేస్తారు. ఆ రికార్డు ఎవరికీ వినిపించకు. ముందు ఆమెకు ఫోన్ చేసి, ఏం చేయమంటావో ఆమెనే అడుగు. అందరికీ చెప్పాల్సిందైతే, ఆమె ఒప్పుకుంటే, నువ్వే చెప్పు.

అవ్వను మర్చిపోకు. రోజూ సాయంత్రం ఫోను ఆమె చెవి దగ్గర పెట్టు, కోడలి మాట విననీ. తిరిగి రెండు మాటలు చెప్పించు.

ప్రశ్న: మేడం, పత్తికొండ మార్కెట్‌కు టమాటా వేస్తాను. పైన అడిగినలాంటి నంబరు ధరల కోసం మాకూ పనికొస్తుందా?
– ఒక రైతు, దేవనకొండ

జవాబు: పనికొస్తుందన్నా, కోయడానికి ముందు రోజు వింటేనే. ధర ఒక్కటే చెప్పించకండి. ఆ రోజు సరుకు అమ్మిన రైతే మాట్లాడాలి. బాక్సులో ఎన్ని కిలోలు పట్టాయి, కమీషన్ ఎంత పట్టుకున్నారు, చేతికి ఎంత వచ్చింది, ఈ మూడూ చెప్పాలి. కోత కూలి, ఆటో కిరాయి లెక్కేసుకుని కోయాలో వద్దో మీరే తేల్చుకుంటారు. పురుగు, తెగులు సంగతులకైతే కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచీ ఉంది. 1800-180-1551కు ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు. ఫోన్ చేసేటప్పుడు చేన్లోనే ఉండండి. ఆకు పైభాగం ఎలా ఉంది, కింది భాగం ఎలా ఉంది అని అడుగుతారు.