బెంగళూరులో దారి పక్కన మొలిచే ఆకుకూరలను నమ్మి తినవచ్చా?

నగరంలో ఖాళీ స్థలాల్లో వాటంతట అవే మొలిచే ఆకుకూరలను గుర్తుపట్టి, ప్రమాదం లేకుండా తినడం ఎలా నేర్చుకోవాలని మీరు అడిగారు. నేను హిందూపురం నుండి వచ్చి 14 ఏళ్లుగా కృష్ణరాజపురం వైపు ఉంటున్నాను. నాకు ఈ సంగతులు నేర్పింది మా వీధి చివర బెరకె సొప్పు, అంటే కలగలుపు ఆకుకూరలు, అమ్మే ములబాగలు ఊరి అవ్వ. ఆ చదువు కూడా నా పొరపాటుతోనే మొదలైంది.

మొదటి ఏడాది వానలకు మా ఇంటి పక్క సైటులో గంగపాయల కూర విరగకాసినట్టు కనిపించింది. చిన్నప్పుడు మా అమ్మ పప్పులో వేసేది కాబట్టి నాకు తెలిసిన కూరే అనుకుని సంచి నిండా కోసుకున్నాను. అవ్వ నా సంచిలో చేయి పెట్టి ఒక కాడ తీసి తుంచగానే తెల్లటి పాలు బొట్టుగా నిలిచాయి. "ఇది నానబాలు జాతమ్మా, పాలు కారేది పారేయ్" అంది. రెండూ ఎర్రటి కాడలతో నేలకంటుకుని చాపలా పరుచుకుంటాయి, ఒకదానిలోంచి మరొకటి పాకుతుంది, అందువల్ల నిలబడి చూసేవారికి తేడా తెలియదు. గంగపాయల ఆకు నీరు నిండినట్టు మందంగా, కాడ నున్నగా ఉంటుంది, పువ్వు పసుపు పచ్చన; నానబాలు జాతి ఆకు పలుచన, కాడ దారంలా సన్నం. ఆనాటి నుండి ప్రతి కాడనూ తుంచి చూడకుండా గిన్నెలో వేయలేదు. ఫోనులోని యాప్‌కు ఆ కలగలుపు గుంపు ఫొటో చూపితే ఒక్క పేరే చెబుతుంది, కాబట్టి దాని మాట మీద వంట చేయవద్దు. మేకలు తింటున్నాయి కదా అన్న ధైర్యం కూడా పనికిరాదు.

పొన్నగంటి కూర విషయంలో చిక్కు వేరు. ఇక్కడ హొనగొన్నె సొప్పు అనే ఈ కూరకు తెల్లపూలు ఆకు మొదట్లోనే, కాడకు అతుక్కుని పూస్తాయి. అదే పోలికతో ఉండి, పొడవాటి తొడిమ చివర తెల్లటి బంతిలా పూసేది దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఎలిగేటర్ వీడ్ అనే నీటి కలుపు. ఇంతవరకు గుర్తుపట్టినా చాలదు, ఎందుకంటే మురుగు చేరే చెరువు గట్టున మొలిచినది అసలైన పొన్నగంటి అయినా తినదగినది కాదు. మట్టిలోని సీసం, కాడ్మియం వంటి విషలోహాలు ఆకులోకి ఎక్కుతాయి, అలా ఎక్కినవి కడిగినా ఉడికించినా పోవు. 2017లో నీటి మీదే మంటలు లేచిన బెళ్ళందూరు చెరువు ఉన్న ఊరు మనది. అందుకే నేను దారి పక్కన మొక్కలను చూసి నేర్చుకుంటాను గానీ కోయను. కోత హొసకోటె దాటాక రాగి చేల గట్ల మీదే, అది కూడా రైతును అడిగి, గడ్డిమందు కొట్టలేదని తెలిశాకే. మణికట్టు దాకా చేతులున్న చొక్కా తప్పనిసరి, వయ్యారిభామ అనే కలుపు మొక్క తగిలి నాకు వారం రోజులు దద్దుర్లు వచ్చాయి.

మీరు ఒక్క మొక్కతో మొదలుపెట్టి, మొలక నుండి గింజ వరకు ఒక సీజనంతా దాన్నే చూడండి. కామంచి పళ్ళు, ఇక్కడి మాటలో గణికె, నల్లగా పండాకే తినాలి, పచ్చి కాయల్లో విషముంటుంది. పుట్టగొడుగుల జోలికి నేను వెళ్ళను.

వండేటప్పుడు ఇంకొక సంగతి. గంగపాయలలో ఆక్సలేట్లు, అంటే మూత్రపిండాల్లో రాళ్ళు కట్టడానికి తోడయ్యే పదార్థాలు, ఎక్కువ. ఉడికించి వార్చితే కొంత నీటిలోకి దిగిపోతాయి. ఇక్కడివారు అలా వార్చిన నీటితోనే కమ్మగా బస్సారు అనే చారు కాస్తారు, అయితే మా ఇంట్లోలా మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చినవారుంటే ఆ నీటిని పారబోయడమే మేలు.