కెపాసిటర్లు ఎందుకు ఉబ్బుతున్నాయి? హార్మోనిక్స్, ఫిల్టర్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా కర్మాగారంలో 1,000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. చాలా మోటార్లకు వేగాన్ని నియంత్రించే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్‌లు బిగించాం. పవర్ ఫ్యాక్టర్ కోసం 400 కేవీఏఆర్ కెపాసిటర్ ప్యానెల్ పెట్టినప్పటి నుంచి ఫ్యూజులు తరచూ పోతున్నాయి, కెపాసిటర్ డబ్బాలు ఉబ్బుతున్నాయి. కొత్తవి మార్చినా అదే తంతు. ఫిల్టర్ పెట్టాలంటున్నారు. ఏ రకం మంచిది?

జవాబు: సరఫరా ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌కు పూర్ణాంక రెట్లలో ఉండే అదనపు కరెంటు, వోల్టేజిలే హార్మోనిక్‌లు. ఐదోది 250 హెర్ట్జ్, ఏడోది 350. ఫిల్టర్ కొనే ముందు ఒక చిన్న లెక్క వేయండి. ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ మీద ఇంపెడెన్స్ 5 శాతం అని ఉందనుకుందాం. ఎగువనున్న గ్రిడ్ ఇంపెడెన్స్‌ను ప్రస్తుతానికి పక్కన పెడితే, షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం 20,000 కేవీఏ అవుతుంది. దాన్ని కెపాసిటర్ల 400 కేవీఏఆర్‌తో భాగిస్తే 50 వస్తుంది. దాని వర్గమూలం సుమారు 7.07. అంటే మీ ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు కలిసి దాదాపు ఏడో హార్మోనిక్ దగ్గరే, 350 హెర్ట్జ్ వద్ద, రెజోనెన్స్‌కు (ఒక ఫ్రీక్వెన్సీ వద్ద కరెంటు, వోల్టేజిలు విపరీతంగా పెరిగే స్థితికి) సిద్ధంగా ఉన్నాయి. ఆరు పల్సుల రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) ఉన్న డ్రైవ్‌లు పుట్టించేవి ప్రధానంగా 5, 7, 11, 13వ హార్మోనిక్‌లే. డ్రైవ్‌లు పంపే కొద్దిపాటి ఏడో హార్మోనిక్ కరెంటు అక్కడ అనేక రెట్లు పెరిగి కెపాసిటర్లలో తిరుగుతుంది. డబ్బాలు ఉబ్బడానికి కారణం కెపాసిటర్ల నాణ్యతే అని అనుమానించడం సహజమే కానీ, ఇక్కడ నేరం వాటిది కాకపోవచ్చు.

ఆటోమేటిక్ రిలే అవసరాన్ని బట్టి స్టెప్పులను (కెపాసిటర్ల గుంపులను) మార్చే ప్యానెల్ అయితే పరిస్థితి మరింత చిక్కు. 160 కేవీఏఆర్ మాత్రమే లైన్లో ఉన్నప్పుడు ఇదే లెక్క 11.2 దగ్గర, అంటే పదకొండో హార్మోనిక్ పక్కన తేలుతుంది. ఫ్యూజులు కొన్ని వేళల్లోనే ఎందుకు పోతున్నాయో అంతుబట్టని చోట ముందు చూడవలసింది, ఆ సమయంలో ఎన్ని స్టెప్పులు ఆన్‌లో ఉన్నాయన్నదే.

మీకు ముందుగా సరిపోయేది డీట్యూన్డ్ రియాక్టర్, అంటే రెజోనెన్స్‌ను హార్మోనిక్‌ల నుంచి పక్కకు జరిపే తీగచుట్ట (ఇండక్టర్). ప్రతి స్టెప్పుకూ 7 శాతం రియాక్టర్‌ను సిరీస్‌లో కలిపితే ఆ శాఖ ట్యూనింగ్ 189 హెర్ట్జ్‌కు దిగుతుంది. అక్కడి నుంచి పైన అది ఇండక్టర్‌లాగే ప్రవర్తిస్తుంది కనుక 250 హెర్ట్జ్, ఆపై హార్మోనిక్‌లతో రెజోనెన్స్ కుదరదు. అయితే పాత కెపాసిటర్లకే రియాక్టర్ తగిలించి ఊరుకోకండి. రియాక్టర్ వల్ల కెపాసిటర్ మీద వోల్టేజి సుమారు 7.5 శాతం పెరిగి, 415 వోల్టుల లైన్లో 446 వోల్టులకు చేరుతుంది. 440 వోల్టుల కెపాసిటర్ దానికి చాలదు. 480 లేదా 525 వోల్టుల రేటింగ్ ఉన్నవి కావాలి. రియాక్టర్ కోసం ఖర్చు పెట్టి ఈ ఒక్క విషయం వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

డీట్యూనింగ్ ముఖ్యంగా కెపాసిటర్లను కాపాడుతుంది, హార్మోనిక్‌లను పెద్దగా తగ్గించదు. తగ్గించాలంటే ట్యూన్డ్ ఫిల్టర్, అంటే ఒక హార్మోనిక్‌కు దగ్గరగా ట్యూన్ చేసి ఆ కరెంటును తనలోకి లాక్కునే రియాక్టర్, కెపాసిటర్ల జత కావాలి. ఐదో హార్మోనిక్ ఫిల్టర్‌ను సరిగ్గా 250 హెర్ట్జ్‌కు కాక, సుమారు 235 దగ్గర ట్యూన్ చేయడం ఆనవాయితీ. కెపాసిటర్ పాతబడి విలువ తగ్గేకొద్దీ ట్యూనింగ్ పైకి జరుగుతుంది. ముందే 250 వద్ద పెడితే అది దాన్ని దాటిపోయి, ట్యూనింగ్‌కు దిగువన గ్రిడ్‌తో ఏర్పడే సమాంతర రెజోనెన్స్ ఐదో హార్మోనిక్ మీదికి వచ్చి కూర్చుంటుంది. ఇలాంటి ఫిల్టర్ పొరుగు వినియోగదారుల హార్మోనిక్‌లను కూడా లాక్కుంటుందన్నది మరో ఇబ్బంది.

యాక్టివ్ ఫిల్టర్ దారి వేరు. అది లోడ్ కరెంటును కొలిచి, అందులోని హార్మోనిక్ భాగానికి సరిగ్గా వ్యతిరేకమైన కరెంటును ఐజీబీటీలతో (వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే సెమీకండక్టర్ స్విచ్‌లతో) తయారుచేసి లైన్లోకి పంపుతుంది. లోడు మారినా దానికి తగ్గట్టు సర్దుకుంటుంది కనుక డ్రైవ్‌ల వేగాలు తరచూ మారే చోట ఇదే మేలు. దీన్ని ఎక్కడ కలిపితే అక్కడి నుంచి సరఫరా వైపు మాత్రమే శుభ్రపడుతుంది. అక్కడి నుంచి డ్రైవ్ దాకా ఉన్న కేబుల్‌లో హార్మోనిక్‌లు అలాగే ఉంటాయి. అందుకే ముందు డ్రైవ్‌ల దగ్గరే 3 నుంచి 5 శాతం లైన్ రియాక్టర్లు ఉన్నాయో లేదో చూడమంటాను. ఖర్చు తక్కువ, పైగా ఆ తరువాత కొనే యాక్టివ్ ఫిల్టర్ చిన్నదైనా సరిపోతుంది.

ప్రశ్న: హార్మోనిక్స్ ఎంత శాతం దాటితే ప్రమాదం?

జవాబు: ఎక్కువగా ఉదహరించే ప్రమాణం, ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ రూపొందించిన ఐఈఈఈ 519. గ్రిడ్‌కూ వినియోగదారుకూ మధ్య ఉన్న ఉమ్మడి బిందువు వద్ద, 1 కేవీ వరకు మొత్తం వోల్టేజి డిస్టార్షన్ (హార్మోనిక్‌ల వల్ల తరంగ రూపం చెడిన మేర) 8 శాతం, 1 నుంచి 69 కేవీ మధ్య 5 శాతం మించరాదని అది చెబుతుంది. ఒక్క డ్రైవ్ టెర్మినల్స్ దగ్గర కరెంటు కొలిచి ఈ అంకెలతో పోల్చడం సరికాదు.

ప్రశ్న: మా కార్యాలయ భవనంలో మూడు ఫేజుల లోడు సమానంగానే ఉన్నా న్యూట్రల్ తీగ వేడెక్కుతోంది. ఐదో హార్మోనిక్ ఫిల్టర్ పెడితే తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. కంప్యూటర్లు, ఎల్‌ఈడీ దీపాల వంటి సింగిల్ ఫేజ్ లోడుల మూడో హార్మోనిక్, అంటే 150 హెర్ట్జ్ కరెంటు, మూడు ఫేజుల్లోనూ ఒకే దశలో ఉండి న్యూట్రల్‌లో ఒకదానితో ఒకటి కూడుతుంది. పరిస్థితి విషమిస్తే న్యూట్రల్ కరెంటు ఫేజ్ కరెంటుకు 1.73 రెట్ల దాకా చేరగలదు. న్యూట్రల్ పరిమాణం పెంచడం, జిగ్‌జాగ్ ట్రాన్స్‌ఫార్మర్ లేదా నాలుగు తీగల యాక్టివ్ ఫిల్టర్ పెట్టడం దీనికి మార్గాలు. ముందుగా న్యూట్రల్ కరెంటును ట్రూ ఆర్‌ఎంఎస్ క్లాంప్ మీటర్‌తోనే కొలవండి. సగటు ఆధారంగా చూపే మామూలు మీటరు, తరంగ రూపం చెడినప్పుడు అసలు కన్నా తక్కువ చూపవచ్చు.