పాత ఫ్రిజ్ విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

షెడ్ అద్దెకు తీసుకున్నావనీ, పాత ఫ్రిజ్‌లు విప్పి సరుకు అమ్మబోతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముందు రిజిస్ట్రేషన్ పూర్తి చెయ్. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం రీసైక్లర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. ఆ కాగితాల గోల మీ ఆడిటర్‌కి వదిలేద్దాం. నాకు తెలిసింది పానా పని.

నేను నలభై ఏళ్లు ఫ్రిజ్‌లు బాగుచేశాను. విప్పిన ప్రతి స్క్రూనీ హార్లిక్స్ సీసాలో దాచేవాణ్ణి. నీకు ఆ అలవాటు పనికిరాదు, ఎందుకంటే నువ్వు మళ్లీ బిగించవు. కంప్రెసర్‌ని పట్టుకుని సాధారణంగా నాలుగు బోల్టులుంటాయి. గ్యాస్ పూర్తిగా తీశాక అవి తుప్పుపట్టి తిరగకపోతే కుస్తీ పట్టకు, ఉలి పెట్టి తలలు ఎగరగొట్టు.

ఫ్రిజ్ రాగానే మాత్రం చెయ్యి వెయ్యకు. వెనకాల ప్లేటు చదువు, లోపల చల్లబరిచే గ్యాస్ ఏదో దానిమీద ఉంటుంది. ఆర్-134ఎ అని ఉంటే అది అంటుకోదు, కానీ గాల్లోకి వదిలితే కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 1,400 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఆర్-600ఎ అంటే ఐసోబ్యూటేన్, మన వంటగ్యాస్‌కి దాయాది. ఒకసారి నేను ప్లేటు చూడకుండా, పాత అలవాటుకొద్దీ గ్యాస్ టార్చ్ వెలిగించి పైపు కాల్చాను. భగ్గుమంది. కనుబొమ్మలు రెండూ పోయాయి. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ ముచ్చట వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. తీసిన గ్యాస్ నింపేటప్పుడు ఏ గ్యాస్ సిలిండర్ ఆ గ్యాస్‌కే, కలిపితే శుద్ధి చెయ్యడం తలనొప్పి.

షెడ్ గోడమీద సుద్దతో బొమ్మ గీయి. ఒక్కో భాగానికి ఒక సున్నా, ఏది తీస్తేగానీ ఏది రాదో బాణాలు. గ్యాస్ తర్వాతే కంప్రెసర్, కంప్రెసర్ బయటికొచ్చాక దాన్ని వంచి నూనె. ట్రేలు, గాజు పలకలు, డోరు రబ్బరు ఎప్పుడైనా తీయొచ్చు, వాటికి బాణం అక్కర్లేదు. ఖాళీగా నిలబడ్డ కుర్రాడికి ఆ పని అప్పజెప్పు.

అసలు తెలివంతా ఎక్కడ ఆపాలో తెలియడంలో ఉంది. ఒక భాగం తీయడానికి పట్టే కూలీ, దాని తూకానికి వచ్చే డబ్బును మించిపోతే అక్కడ ఆపెయ్. గ్యాస్, నూనె విషయంలో ఈ లెక్క చెల్లదు, నష్టమైనా తీయాల్సిందే. కంప్రెసర్ డబ్బా కోసి లోపలి రాగి చుట్ట తీయడం శ్రమే, కానీ రాగి ఇనుముతో కలిసి కరిగిందంటే మళ్లీ విడదీయడం దాదాపు కుదరదు. ఆ ఉక్కును వేడిమీద సాగదీస్తే పగుళ్లిస్తుంది. అందుకే రాగిలేని ఇనుమని నమ్మకం కుదిరితే కొనేవాడు గీచిగీచి బేరమాడడు.

గోడల్లోని ఫోమ్ జోలికి అసలు పోవద్దు. బాగా పాతవాటిలో సీఎఫ్‌సీ-11, కొత్తవాటిలో ఎక్కువగా సైక్లోపెంటేన్ అనే గ్యాస్‌లు ఆ ఫోమ్ బుడగల్లో ఉంటాయి. పగలగొట్టావా, లేచిపోతాయి. రెండోది అంటుకుంటుంది కూడా. గ్యాస్ బయటికి పోకుండా మూసిన యంత్రంలో ముక్కలు చేసే ప్లాంటుకి పెట్టెను పెట్టెగానే పంపించు.

మొదటి పది ఫ్రిజ్‌లకి ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టిందో నోటుబుక్‌లో రాసి ఉంచు, సంక్రాంతికి వచ్చి చూస్తాను. గ్యాస్ లాగి సిలిండర్‌లో నింపే నా పాత రికవరీ మెషిన్ అటకమీద ఉంది, పట్టుకెళ్లు. గొట్టం మార్పించుకో. అది 134ఎకే, 600ఎకి వేరేది కొనుక్కోవాలి.

మీ మామయ్య