రోజూ నడుస్తున్నా తూలు ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. ఎన్నో ఏళ్లుగా రోజూ ఉదయం ముప్పావుగంట నడుస్తున్నారు. బీపీ మాత్ర తప్ప వేరే మందులేమీ వాడరు. అయినా ఈ మధ్య ఎవరో పిలిస్తే గభాలున వెనక్కి తిరగబోయి తూలారు. పక్కనే గోడ ఉండబట్టి పడలేదు. నిలబడి ప్యాంటు తొడుక్కోవడం కూడా మానేశారు, మంచం మీద కూర్చుంటే తప్ప కుదరడం లేదు. ఇంత నడిచే మనిషికి ఇలా ఎందుకవుతోంది? బ్యాలెన్స్ కోసం వ్యాయామాలు చేయించవచ్చా, లేక ఈ వయసులో వాటివల్లే పడిపోయే ప్రమాదం ఉందా?

జవాబు: నాన్నగారి నడక చాలా మంచి అలవాటు, దాన్ని ఏ కారణంతోనూ మాన్పించకండి. కానీ రోజూ నడిచేవారు పడిపోరన్న నమ్మకం సరైనది కాదు. చదునైన దారిలో, అలవాటైన వేగంతో, నేరుగా ముందుకు సాగే నడకలో శరీరం తనకు బాగా వచ్చిన పనినే మళ్లీ మళ్లీ చేస్తుంది. తూలు వచ్చేది చటుక్కున వెనక్కి తిరిగినప్పుడు, పక్కకు అడుగు వేయాల్సి వచ్చినప్పుడు, ప్యాంటు తొడుక్కుంటూ ఒంటికాలి మీద రెండు క్షణాలు ఆగాల్సినప్పుడు. మీరు రాసిన రెండు ఇబ్బందులూ సరిగ్గా ఇలాంటివే. ఆ కదలికలను విడిగా సాధన చేయనిదే వాటిలో పట్టు దొరకదు.

మనిషి నిటారుగా నిలబడటానికి మెదడుకు మూడు చోట్ల నుంచి సమాచారం అందుతూ ఉండాలి. కళ్లు పరిసరాలను చూపిస్తాయి, లోపలి చెవి తల ఎటు వంగిందో, ఎటు తిరిగిందో చెబుతుంది, పాదాలు, చీలమండలు, మోకాళ్లలోని నరాలు నేల తీరునూ కీళ్ల స్థితినీ తెలియజేస్తాయి. వయసు పెరిగేకొద్దీ ఈ మూడూ ఎంతో కొంత మందగిస్తాయి. దానికి తోడు కాళ్లలో బలం తగ్గుతుంది, ఆ బలాన్ని చప్పున ప్రయోగించే శక్తి అంతకన్నా వేగంగా తగ్గుతుంది. తూలిన మనిషి ఒక అడుగు వేసి నిలదొక్కుకోవడానికి దొరికే వ్యవధి సెకనులో కొంత భాగమే కాబట్టి, బలం ఉండి కూడా అది ఆలస్యంగా అందితే పడిపోవడం ఆగదు.

ఇక వ్యాయామమే ప్రమాదమేమోనన్న మీ సందేహానికి వస్తాను. ఇళ్లలో ఉంటున్న వృద్ధులపై జరిగిన వందకు పైగా ప్రయోగాల ఫలితాలను కలిపి 2019లో వెలువడిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, వ్యాయామం చేసినవారిలో పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గాయని తేల్చింది. బ్యాలెన్స్ సాధనతోపాటు కండరాల బలానికి కూడా వ్యాయామం చేసినవారిలో ఈ తగ్గుదల ఇంకా ఎక్కువగా, సుమారు 34 శాతంగా కనిపించింది. నడక ఒక్కటే పడిపోవడాన్ని తగ్గిస్తుందనడానికి మాత్రం అదే సమీక్షలో తగిన ఆధారం దొరకలేదు. అందువల్ల పద్ధతి ప్రకారం చేయించడంకన్నా, ఏమీ చేయించకుండా వదిలేయడమే నాన్నగారికి ఎక్కువ ప్రమాదమని నా గట్టి అభిప్రాయం.

మొదలుపెట్టేముందు ఆయన ఎంతవరకు నిలవగలరో చూడండి. మీరు పక్కనే ఉండి, పాదాలు రెండూ ఆనించి 10 సెకన్లు నిలబడమనండి. తర్వాత ఒక పాదాన్ని సగం ముందుకు జరిపి, ఆ తర్వాత ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు తాకించి ఒకే గీత మీద ఉన్నట్టు, చివరగా ఒంటికాలి మీద, ఒక్కోసారి పదేసి సెకన్లు నిలబడాలి. మూడో భంగిమలో 10 సెకన్లు ఆగలేకపోతే పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్నట్టే లెక్క. అప్పుడు ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకుండా ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

సాధనకు వంటగట్టు పక్క చోటు అన్నిటికన్నా అనువైనది, ఎందుకంటే అది కదలదు, చేతికి అందే ఎత్తులో ఉంటుంది. కుర్చీ ఆసరా అంత నమ్మదగినది కాదు, బరువు మోపితే జరిగిపోతుంది. నాన్నగారు గట్టు వైపు తిరిగి దాన్ని పట్టుకుని మునివేళ్ల మీద మెల్లగా లేచి, అంతకన్నా మెల్లగా మడమలు దించాలి. తర్వాత గట్టు వెంబడే పక్కకు అడుగులు వేయాలి, గట్టు పక్కనే మడమకు వేళ్లు తాకిస్తూ ముందుకు నడవాలి, అది కుదిరాక వెనక్కి నడవాలి. వెనక్కి తిరిగేటప్పుడు తూలుతున్నారు కాబట్టి, ఖాళీ గదిలో మీరు పక్కన నడుస్తుండగా ఎనిమిది అంకె ఆకారంలో రెండు వైపులా తిరుగుతూ నడిపించడం ఆయనకు ముఖ్యంగా అవసరం. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం తొడలకు బలమిస్తుంది. మొదట పదిసార్లు కాకపోయినా నాలుగైదుసార్లు చేయగలిగితే చాలు.

చాలామంది దారితప్పేది ఒక చోట ఉంది. కొద్దిరోజులకే ఈ వ్యాయామాలు తేలికైపోతాయి, ఆ తర్వాత నెలల తరబడి అవే చేస్తూ ఉంటారు. ఒళ్లు కాస్తయినా ఊగని వ్యాయామం బ్యాలెన్స్‌కు ఉపయోగపడదు. చీలమండలు సన్నగా వణుకుతూ మనిషి సర్దుకుంటున్న ఆ కొన్ని క్షణాల్లోనే శరీరం నేర్చుకుంటుంది. కాబట్టి రెండు చేతులతో పట్టుకుని చేసే పనిని తర్వాత ఒక చేత్తో, ఆపైన రెండు వేళ్లు మాత్రం ఆనించి, చివరికి చేతిని గట్టుకు తాకకుండా దానిపైనే ఉంచి చేయించండి. అది కూడా సులువైతే తల అటూ ఇటూ తిప్పుతూనో, మీతో మాట్లాడుతూనో చేయమనండి. కళ్లు మూసుకుని చేయడం మాత్రం దగ్గర నిపుణులు ఉన్నప్పుడే. ఉత్త మేజోళ్లతో నున్నటి నేల మీద చేయకూడదు, కాలికి సరిపోయే, జారని చెప్పులో బూట్లో ఉండాలి.

65 ఏళ్లు దాటినవారు బ్యాలెన్స్‌కూ బలానికీ ప్రాధాన్యమిచ్చే రకరకాల వ్యాయామాలను వారానికి కనీసం 3 రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో రూపొందిన ప్రసిద్ధ ఇంటి వ్యాయామ కార్యక్రమం కూడా దాదాపు ఇదే పద్ధతిలో, వారంలో 3 రోజులు అరగంట చొప్పున సాగుతుంది, నడక దానికి అదనం. ఫలితం తెలియడానికి కొన్ని నెలలు పడుతుంది, మానేస్తే వచ్చిన మేలు క్రమంగా పోతుంది.

బీపీ మాత్ర వాడుతున్నారు కాబట్టి ఒక్క పరీక్ష తప్పక చేయించండి. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన 3 నిమిషాల్లోపు మరోసారి బీపీ చూసినప్పుడు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గుతుంటే, తూలుకు అది కూడా కారణం కావచ్చు. మాత్రను సొంతంగా ఆపకుండా ఆ అంకెలు డాక్టరుగారికి చూపించండి.

ప్రశ్న: మా అమ్మ వయసు 81. కిందటేడు స్నానాల గదిలో జారిపడింది. ఎముకలేవీ విరగలేదు గానీ అప్పటి నుంచి భయంతో కుర్చీ దిగడం లేదు. నడిపిస్తే నా భుజం గట్టిగా పట్టుకుంటుంది. ఈ వయసులో వ్యాయామం పనికొస్తుందా?

జవాబు: తప్పకుండా పనికొస్తుంది. ఎనభై దాటినవారిలో కూడా కండరాలు బలపడతాయి, నిలకడ మెరుగవుతుంది. పడిపోతామన్న భయం చాలా బలమైనది, దాన్ని మాటలతో కొట్టిపారేయకండి. అయితే ఆ భయంతో కదలడం మానేస్తే కాళ్లు బలహీనపడతాయి, బలహీనపడిన కాళ్లు భయాన్ని ఇంకా పెంచుతాయి.

అమ్మగారి చేత ముందు కూర్చున్న చోటే చేయించండి. మోకాలు చాపి కొన్ని సెకన్లు నిలిపి ఉంచడం, చీలమండలను పైకీ కిందికీ ఆడించడం, కుర్చీ అంచుకు జరిగి రెండు చేతుల ఆసరాతో లేచి కొంతసేపు నిలబడటం చాలు. నడిపించేటప్పుడు ఆమె మీ భుజం పట్టుకుంటే మీరు కదిలినప్పుడల్లా ఆమె కూడా ఊగుతారు. అందుకు బదులు ఆమె కొలతకు సరిపోయే వాకరును ఫిజియోథెరపిస్టు చేత ఎంపిక చేయించి, మీరు ఆమెకు ఒక పక్కన, కాస్త వెనగ్గా నడవండి. ఎముకల సాంద్రత, కంటిచూపు పరీక్షించడం, నిద్రమాత్రలు వాడుతుంటే డాక్టరుగారికి చెప్పడం, స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీలు బిగించడం వ్యాయామంతోపాటే జరగాలి.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. మంచం మీద కుడివైపుకు ఒత్తిగిల్లితే కొద్ది సెకన్లపాటు గది మొత్తం గిర్రున తిరుగుతుంది, తర్వాత తగ్గిపోతుంది. బ్యాలెన్స్ వ్యాయామాలు మొదలుపెట్టనా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఈఎన్‌టీ డాక్టరును కలవండి. మీరు చెప్పిన తీరును బట్టి, లోపలి చెవిలోని సన్నటి కాల్షియం రేణువులు ఉండాల్సిన చోటు నుంచి జారి, పక్కనున్న అర్ధవృత్తాకార నాళంలోకి చేరి ఉండవచ్చు. దీనికి మాత్రలకన్నా, తలనూ ఒంటినీ ఒక క్రమంలో తిప్పి ఆ రేణువులను వెనక్కి పంపే చికిత్సే బాగా పనిచేస్తుంది, చాలామందికి ఒకటి రెండుసార్లతోనే తగ్గిపోతుంది. తలతిరుగుడుతోపాటు మాట తడబడటం, వస్తువులు రెండుగా కనిపించడం, చేయో కాలో పట్టు తప్పడం వంటివి ఉంటే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. చికిత్స తర్వాత గది తిరగడం ఆగినా కొన్నాళ్లు కాస్త తేలిపోతున్నట్టు అనిపించవచ్చు. పైన మొదటి జవాబులో చెప్పిన గట్టు పక్క సాధనను, తల తిప్పుతూ చేసేవాటితో సహా, డాక్టరుగారి అనుమతితో అప్పుడు మొదలుపెట్టండి.