చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, బ్యాంకులో 14 వేలే ఉన్నాయి. అప్పు చేయాలా?

ప్రశ్న: మాది ఉయ్యూరు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 27,000. మా ఆవిడకు టైలరింగ్ మీద ఆరేడు వేలు వస్తాయి. ఖర్చులన్నీ పోను నెలకు రెండున్నర వేలు మిగిలితే గొప్ప. 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అమ్మను నెలకు రెండుసార్లు విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లడానికి అదే ఆధారం. రెండు వారాలుగా డాష్‌బోర్డులో పసుపు రంగు ఇంజిన్ లైటు వెలుగుతోంది. మూడు రోజుల నుంచి బండి మిస్సింగ్ కొడుతోంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆ లైటు టపటపా కొట్టుకుంటోంది. సర్వీస్ సెంటర్లో క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, ప్లగ్గులు, మూడు కాయిల్స్, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ క్లీనింగ్ అన్నీ కలిపి 38,500 ఎస్టిమేట్ ఇచ్చారు. తెలిసిన మెకానిక్ 500 ఇస్తే లైటు ఆర్పేస్తానంటున్నాడు. బ్యాంకులో 14,000 ఉంది. వచ్చే నెల ఇన్సూరెన్స్ 6,200 కట్టాలి. క్రెడిట్ కార్డు వాడమంటారా, ఏడో నెల నడుస్తున్న లక్ష రూపాయల చీటీ పాడుకోమంటారా, ఇన్సూరెన్స్ కొన్నాళ్లు ఆపమంటారా, కారే అమ్మేయమంటారా?

జవాబు:

అన్నిటికన్నా ముందు, బండిని ఇంటి దగ్గరే ఆపేయండి. మీ ఉత్తరం చదువుతుంటే 38,500 అంకె కంటే లైటు కొట్టుకుంటోందన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. పసుపు లైటు నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే కొన్ని రోజులు నెమ్మదిగా నడుపుకోవచ్చు. అది కొట్టుకోవడం మొదలుపెట్టిందంటే ఒక సిలిండర్లో పెట్రోలు సరిగా మండటం లేదని అర్థం. మిస్సింగ్ అంటే అదే. మండని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి కన్వర్టర్ లోపలి భాగం కరిగిపోతుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది కాబట్టే దాని ధర అంత. ప్లగ్గుకు కరెంటు అందించే రెండు వేల కాయిల్‌తో పోయేదాన్ని పాతిక వేలకు తెచ్చుకోవడమంటే ఇదే. ఇంత వేగంగా వడ్డీ పెరిగే అప్పు ఏ బ్యాంకులోనూ ఉండదు.

ఎర్ర లైట్ల సంగతి మరీ ప్రమాదం. కొన్నేళ్ల కింద మా నాన్నగారి కారులో హైదరాబాద్ నుంచి వస్తుంటే కోదాడ దాటాక ఎర్రటి ఆయిల్ లైటు వెలిగింది. విజయవాడ చేరాక చూపిద్దాం అనుకున్నాం. నందిగామ చేరేలోపే ఇంజిన్ పట్టేసింది. దారిలో ఆపి ఆయిల్ పోయించి ఉంటే వెయ్యి, పన్నెండు వందలు అయ్యేది. ఇంజిన్ పనికి 60 వేలు దాటింది. ఆ డబ్బు మా చెల్లి ఫీజు కోసం దాచింది. ఆయిల్ లైటు, వేడి చూపే ఎర్ర లైటు వెలిగిన క్షణంలోనే రోడ్డు పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. అమ్మ కారులో ఉన్నా సరే.

ఇక మీ ఎస్టిమేట్. అందులో ఒక్క పార్టు కూడా ఇంకా నిర్ధారణ అయినట్టు నాకు కనిపించలేదు. లోపం ఏదో తేలకముందే అప్పు ఎక్కడ దొరుకుతుందని వెతుకుతున్నాం. మీ 2014 మోడల్ లాంటి కార్లలో మామూలుగా లోపాన్ని కోడ్ రూపంలో దాచుకునే వ్యవస్థ ఉంటుంది. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే ఆ కోడ్ కనిపిస్తుంది. మామూలు గ్యారేజీలో దీనికి మూడు నుంచి ఐదు వందలు తీసుకుంటారు. స్కానర్ ఉన్న మెకానిక్‌ను ఇంటికే పిలవండి, పెట్రోల్ ఖర్చు కింద ఇంకో రెండు వందలు ఇచ్చినా నష్టం లేదు. స్క్రీన్ మీద కోడ్‌ను మీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. అప్పటిదాకా కోడ్ చెరపనివ్వొద్దు. లోపం ఏ వేగంలో, ఎంత వేడి మీద వచ్చిందో కూడా అందులో నమోదై ఉంటుంది, చెరిపితే అదీ పోతుంది. 500 తీసుకుని లైటు ఆర్పేస్తానన్న మనిషి చేసేది ఈ చెరపడమే. లోపం లోపలే ఉంటుంది, రెండు రోజుల్లో లైటు మళ్లీ వస్తుంది.

కోడ్ పి0301 అని వస్తే మొదటి సిలిండర్ మిస్సవుతున్నట్టు. పి0302, పి0303 అయితే రెండోది, మూడోది. మీది మూడు సిలిండర్ల బండి, ఒక్కో సిలిండర్‌కూ ఒక్కో కాయిల్. ఇక్కడ పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పి0301 వచ్చిందనుకోండి, ఒకటో సిలిండర్ కాయిల్ తీసి రెండో దానికి, రెండోది ఒకటికి మార్చి పెట్టమనండి. ఇంటి దగ్గరే కొద్దిసేపు ఇంజిన్ ఆన్ చేసి మళ్లీ స్కాన్ చేయించండి. పి0301 కాస్తా పి0302గా మారిందా, ఆ కాయిలే పోయిందని తేలిపోయింది. అప్పుడు మూడు కాయిల్స్ కొనాల్సిన పని లేదు, ఒక్కటి చాలు. కోడ్ మారకపోతే ప్లగ్గు, తర్వాత పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ చూడాలి. ఈ పరీక్ష చేయనన్న మెకానిక్ దగ్గర మీ కష్టార్జితం పెట్టొద్దు.

కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని చెప్పే కోడ్ పి0420. అది కనిపించినంత మాత్రాన కన్వర్టర్ మార్చాలని కాదు. సెన్సర్ పాడైనా, సైలెన్సర్ పైపులో గాలి లీకవుతున్నా ఆ కోడే వస్తుంది. ముందు మిస్సింగ్ బాగుచేయించి, రెండు వారాలు నడిపి, తర్వాత మళ్లీ చూడాలి. ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ క్లీనింగ్ ఇప్పుడు కొట్టేయండి.

అంటే ఈ వారం మీకు అయ్యే ఖర్చు స్కానింగ్ 500, మూడు ప్లగ్గులకు 600, ఒక కాయిల్‌కు 2,000, లేబర్ ఏడెనిమిది వందలు. కంపెనీని బట్టి రేట్లు కొంచెం అటూ ఇటూ అవుతాయి, నాలుగు వేలు అనుకుందాం. ఒరిజినల్ పార్టులే వేయించుకుని, బిల్లు అడిగి, తీసిన పాత పార్టులు ఇంటికి తెచ్చుకోండి.

మీ 14,000లో ముందు ఇన్సూరెన్స్ 6,200 విడిగా పెట్టేయండి, దాన్ని ముట్టుకోవద్దు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే మొదటిసారికే 2,000 జరిమానా. గడువు దాటి 90 రోజులు గడిస్తే ఇన్నాళ్లూ క్లెయిమ్ చేయనందుకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. వీటన్నిటికంటే, ఇన్సూరెన్స్ లేని రోజున మీ బండి ఎవరికైనా తగిలితే ఆ పరిహారం మీ జీతం మీద పడుతుంది. ఈ రిపేరుకు మాత్రం ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బివ్వరు, అరుగుదల, మెకానికల్ లోపాలు పాలసీలోకి రావు. మిగిలిన 7,800లో నాలుగు వేలు రిపేరుకు. ఇంకా 3,800 ఉంటుంది. బండి సిద్ధం కాకపోతే అమ్మ రెండు ప్రయాణాలకూ అద్దె కారు మాట్లాడుకోవడానికి అది సరిపోతుంది. ఆసుపత్రి తేదీ మాత్రం మార్చొద్దు.

క్రెడిట్ కార్డు విషయంలో లెక్క చూడండి. 38,500 వాడి నెలకు 2,000 కడుతూ పోతారనుకుందాం. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే మొదటి నెల 1,347, దాని మీద 18 శాతం జీఎస్టీ 243. మీరు కట్టిన రెండు వేలలో 1,590 అక్కడికే పోయి, అసలుకు జమయ్యేది 410. అప్పు తీరేసరికి 39 నెలలు పడుతుంది, మొత్తం 78 వేలు కడతారు. ఏడాది ఈఎంఐగా మార్చుకుంటే వడ్డీ తగ్గుతుంది కానీ, 16 శాతం లెక్కన నెలకు 3,500 కట్టాలి. మీకు మిగిలేది రెండున్నర వేలే కదా.

చీటీ అసలే వద్దు. ఈ దశలో పాట ఇరవై వేల దాకా వెళ్లిందనుకోండి, నాలుగు వేల అవసరానికి ఇరవై వేలు వదులుకున్నట్టు. చేతికొచ్చిన ఎనభై వేలలో మిగతాది ఎలా కరిగిపోతుందో మనకు తెలియనిది కాదు. అది చివరిదాకా ఉండనివ్వండి.

అమ్మకం గురించి కూడా నిజాయితీగా ఆలోచిద్దాం. ఏడాదికి 24 ట్రిప్పులు అద్దె కారులో వెళ్తే, ఒక్కోదానికి 1,500 చొప్పున 36,000. సొంత కారుకు పెట్రోలు 9,800, ఇన్సూరెన్స్ 6,200, సర్వీసు 6,000, టైర్లు, బ్యాటరీ వంతు 5,000, మొత్తం 27,000. తేడా 9,000. ఏడాదికి రిపేర్లు ఆ తొమ్మిది వేల లోపు ఉన్నంతకాలం ఈ కారు మీకు లాభమే. ఏటా దాటిపోతుంటే అమ్మేయడం మంచిది. లైటు వెలుగుతుండగా మాత్రం అమ్మొద్దు, కొనేవాడు లోపం కంటే రెట్టింపు కోసేస్తాడు.

రెండు వారాల తర్వాత కూడా పి0420 పోక, పైపు లీకు, సెన్సర్ కూడా చూపించాక కన్వర్టరే పోయిందని తేలితే, అప్పుడు బ్యాంకులో చిన్న బంగారు రుణం తీసుకోవచ్చు. 20,000 ఎనిమిది నెలలకు, ఏడాదికి పది శాతం అనుకుంటే వడ్డీ మొత్తం 1,350 లోపే అవుతుంది. ఆ నిర్ణయం తీసుకునే ముందు కోడ్ ఫోటోలు రెండూ, కొత్త ఎస్టిమేట్ నాకు పంపండి. గాజులు తాకట్టుకు వెళ్లేలోపు లెక్క ఇంకోసారి చూద్దాం.