లెక్క రాసుకోకు, అమ్మలూ

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వూ నీ స్నేహితులూ నెల రోజుల పాటు రోజుకో మంచి పని చేస్తారట, చేసిన ప్రతిదానికీ ఫొటో తీసి గ్రూపులో పెడతారట, ఎవరివి ఎక్కువైతే వాళ్లు గెలిచినట్టట. వింటుంటే పొంగిపోయాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే తెల్లారకముందే లేచి ఇది రాస్తున్నాను.

నీకు తెలిసినవి మళ్లీ చెప్పను. ఎవరైనా మాట్లాడుతుంటే ఫోను పక్కన పెట్టు. రోజూ ఎదురయ్యే కాపలా మనిషి పేరు తెలుసుకో. సాయం చేసే ముందు ఏం కావాలో అడుగు. అంతే.

నా భయమంతా ఆ ఫొటోల గురించీ, ఆ లెక్క గురించీ.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు మా సెక్షన్లో ఒకావిడ భర్త పోయాడు. పిల్లలిద్దరూ చిన్నవాళ్లే. చందాలు వసూలు చేసింది నేనే. తెల్లకాగితం మీద పేర్లూ, పక్కన ఎవరెంత ఇచ్చారో కుదురుగా రాశాను. ఆవిడ మళ్లీ డ్యూటీలో చేరిన రోజు అందర్నీ పిలిచి, ఆ జాబితా పైకి చదివి, కవరు చేతిలో పెట్టాను. చప్పట్లు కొట్టారు. ఆవిడ తల వంచుకుని నిలబడింది. కృతజ్ఞత అనుకున్నాను.

రెండు నెలలకు ఆవిడ కొత్త చెప్పులు వేసుకొచ్చింది. వెనక సీట్లోంచి, "మన చందా బాగానే పనికొచ్చింది" అని ఎవరో అన్నారు. ఆవిడ విన్నది. నేనూ విన్నాను. నోరు మెదపలేదు. మర్నాటి నుంచి మళ్లీ ఆ పాత చెప్పులే, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టుకుని. ఆ పిన్నీసు చూస్తూ ఏడాది పాటు ఎదురు సీట్లో కూర్చున్నాను తల్లీ. అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు, ఆ మాట వాళ్ల నోటికి అందించింది నా జాబితానే. తప్పయిందని చెప్పడానికి ధైర్యం కూడగట్టుకునేలోపు ఆవిడ బదిలీ చేయించుకుని వెళ్లిపోయింది. పేరు లేని కవరు ఆవిడ సొరుగులో పెట్టి ఉంటే సరిపోయేది.

ఇంకొకటి. రోజుకొకటని పెట్టుకుంటే తొందర పుడుతుంది. డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోయే విద్యార్థులను పరీక్షించి 1973లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు ప్రసంగించడానికి పక్క భవనానికి వెళ్లాలి. దారిలో ఒక మనిషి గుమ్మంలో కూలబడి దగ్గుతుంటాడు. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో నూటికి 63 మంది సాయపడ్డారు, ఆలస్యమైందని తొందరపెట్టి పంపిన విద్యార్థుల్లో నూటికి 10 మందే. వాళ్లలో కొందరు మాట్లాడబోయేది దారిలో దెబ్బలు తిన్న మనిషిని ఆదుకున్న బాటసారి కథ గురించే! కాబట్టి ఎక్కడికెళ్లినా పది నిమిషాలు ముందు బయల్దేరు. నువ్వేమో ఎప్పుడూ ఆఖరి నిమిషంలో పరిగెత్తే పిల్లవి.

కసురుతున్నానని అలగకు. నీకు ఆరేళ్లప్పుడు నేను జబ్బుపడి మంచం మీదుంటే, రోజూ నా కళ్లజోడు తుడిచి దిండు పక్కన పెట్టి వెళ్లేదానివి. అది నువ్వేనని నాలుగో రోజుకి గాని నాకు తెలియలేదు.

ఫొటోలు వద్దని గ్రూపులో నువ్వే ముందు చెప్పు. మీరు సాయపడ్డ మనిషి గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే అక్కడికక్కడే ఆపు, నాలా ఊరుకోకు. చెప్పాక వాళ్లేమన్నారో రాత్రి ఎంతైనా సరే, నాకు ఫోన్ చెయ్యి. మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ